మూతికి కట్టిన ఫ్లెక్సీ

మా బాపు నా కారును అడగలేదు. తాళం తీసుకున్నాడు. అడగడానికీ తీసుకోవడానికీ తేడా తెలియని మనిషి ఊరికి సర్పంచ్ కావాలనుకున్నాడు చూడండి, అక్కడ మొదలైంది నా మంట.

అసలు కావాల్సింది కూడా ఆయన కాదు. కిందటి చలికాలం రిజర్వేషన్లు ప్రకటించారు. మా ఊరు బీసీ మహిళకు పడింది. ఏళ్ల తరబడి మండల కేంద్రం బుగ్గారంలో అందరికీ చాయ్‌లు తాగించి, పెళ్లికీ చావుకూ ముందు నిలబడి పేరు సంపాదించుకున్న బుచ్చన్న గౌడ్, అంటే మా బాపు, ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. పొద్దు వాలేసరికి తేరుకున్నాడు. వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న మా అవ్వ, అదే మా అమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సాయవ్వా, నీ ఆధార్ కార్డు యాడ వెట్టినవే?"

"ఎందుకు?"

"నువ్వు సర్పంచ్‌కు నిలవడుతున్నవ్."

అవ్వ చేతులు ఆగలేదు. ఆకు కత్తిరించింది, తంబాకు పోసింది, చుట్టింది, దారం కట్టింది. "పెట్టెల ఉన్నది, తీస్కో" అంది. ఒక మనిషిని ఎన్నికల్లో నిలబెట్టడానికి మా ఇంట్లో జరిగిన చర్చ మొత్తం ఇంతే.

నాకు ఒళ్లు మండింది. "అవ్వను అడగవా బాపూ?" అన్నాను.

"అడిగిన గదా!" అన్నాడు.

ఆయన అడిగింది ఆధార్ కార్డునండీ!

ఇక నా కారు సంగతి. అది నాకు సిరిసిల్లలో, మనోహర్ అనే ఆయన స్క్రాప్ యార్డులో దొరికింది. మూతి పగిలి, ఒక పక్కకు ఒరిగి పడున్న ఎర్ర జీటీ. చిన్న కారే గానీ టర్బో ఇంజన్. నేను జగిత్యాలలో కార్ల స్పేర్ పార్ట్స్ దుకాణంలో కౌంటర్ చూస్తాను. ఏ బండి సామాను ఏ బండికి పడుతుందో అక్కడే ఒంటబట్టింది. తెల్ల కారు బానెట్ దొరికితే తెచ్చి ఎర్ర కారుకు బిగించాను. రంగు వేయించలేదు. రంగు వేస్తే బండి ఉరుకుతుందా ఏమిటి? బరువైన మోడల్ బ్రేకులు విప్పించి దీనికి పెట్టించాను. సైలెన్సర్ కోరుట్లలో ట్రాక్టర్లకు వెల్డింగ్ చేసే ఆయన చేతి పని. మిగతాదంతా కోరుట్లలోనే ముత్యమన్న గ్యారేజీలో, ఆదివారం ఆదివారం, ఆయనా నేనూ కలిసి చేసుకున్నదే. నా ఈడు పిల్లలు చీరలు కొనుక్కుంటే నేను బ్రేక్ ప్యాడ్లు కొనుక్కున్నాను. ఎవరికైనా అభ్యంతరమైతే నా ఎదుటికొచ్చి చెప్పమనండి.

ఇదంతా దేనికంటే, చెన్నై అవతల రేసు ట్రాక్ ఒకటుంది. జనవరిలో అక్కడ ఒక్కో కారునూ ఒంటరిగా వదిలి టైం చూస్తారు. ఆడవాళ్లలో మంచి టైం చేసినవాళ్లను ఒక రేసింగ్ టీమ్ పిలిచి, తమ కారిచ్చి నడిపించి చూస్తుంది. ఇరవై ఐదు నిండితే పిలవరు. నాకు ఆ ఫిబ్రవరిలోనే ఇరవై ఐదు నిండుతాయి. అంతకుముందు జనవరిలో బ్రేకులు చాలక, కొంచెంలో చేజారింది. ఆ జనవరి పోతే నాకు ఇంకో జనవరి లేదు.

అందుకే ఈసారి పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టాం. టర్బో ఊదే వేడిగాలిని చల్లబరిచే జాలీ అది. దానికి చోటు కావాలి కాబట్టి రేడియేటర్‌కున్న రెండు ఫ్యాన్లలో ఒకటి తీసేశాం.

"ఉరికితే దీనికి గాలే గాలి చెల్లె" అన్నాడు ముత్యమన్న చేతులు తుడుచుకుంటూ. "మెల్లగ నడిపితేనే కష్టం. పెండ్లి బరాతులకు గిట్ల ఇచ్చేవు, ఖతమైతది."

అప్పటిదాకా మా బాపు నోట ఆ కారు పేరు 'డబ్బా'. నామినేషన్ అనుకున్న మర్నాడే అది 'మన కారు' అయింది.

"ఊర్ల గంత సౌండున్న బండి ఇంకెవలకున్నది? సాయవ్వ గండ్ల కూసోని వస్తుంటే జనం ఇండ్లల్లకెల్లి ఉరికొస్తరు" అన్నాడు.

"నామినేషన్‌కు నేనే తీస్కపోత. ర్యాలీలకు మాత్రం ఇయ్య. మెల్లగ నడిపితే ఇంజన్ కాలుతది. ముత్యమన్న చెప్పిండు."

"సరే తియ్" అన్నాడు.

మా బాపు 'సరే తియ్' అన్నాడంటే విననే లేదని అర్థం. అది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు.

నామినేషన్ వేసి బుగ్గారం నుంచి వస్తున్నప్పుడు అవ్వ నా పక్కన కూర్చుంది. వెనక సీట్లో బాపు ఫోన్‌లో అరుస్తూనే ఉన్నాడు. ఇంటి ముందు ఆపగానే ఆయన దిగి పోయాడు. అవ్వ కూడా తలుపు తీయబోతుంటే ఆపాను.

"జరాగవ్వా. ఉరికొచ్చినంక ఒక్కసారే బంద్ చెయ్యొద్దు. టర్బో ఎర్రగ కాలి ఉంటది. ఇంజన్ నడుస్తుంటే నూనె తిరిగి సల్లవడుతది. వెంటనే బంద్ చేస్తే మాడిపోతది."

"అయితే ఏం జెయ్యాలె?"

"ఏం లేదు. ఊకె కూసోవాలె."

అవ్వ సీటుకు జారగిలబడింది. ఆమె పట్టపగలు ఊరికే కూర్చోవడం నేనెప్పుడైనా చూశానా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. డాష్‌బోర్డు మీద నేను టేపుతో అతికించిన మీటర్ చూపించి, ఇదేంది అని అడిగింది.

"ఇంజన్ వేడి. ముల్లు గీ ఎర్రగీత దాటొద్దు. దాటితే నా పని అయిపోయినట్టే."

"నన్ను ఎవలన్న అడిగిన్రా బిడ్డా?" అంది అవ్వ ఉన్నట్టుండి, మీటర్ మీంచి చూపు తిప్పకుండా. "నిలవడుతవా అని ఒక్కలన్న అడిగిన్రా?"

"మరి వద్దని చెప్పకపోయినవా?"

"వద్దని ఎవలన్నరు?" అంది. "అడగలేదంటున్న."

ముల్లు కిందికి దిగింది. ఇంజన్ ఆపాను. దిగుతూ బానెట్ మీద చెయ్యి వేసి, "పని చేసినంక కూసోమని చెప్పే బండి మంచిదే" అని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఎక్కడికి పోయి వచ్చినా ఇద్దరం ఆ కాసేపు కార్లోనే కూర్చునేవాళ్లం. బాపు వాకిట్లో నిలబడి "దిగున్రి, దిగున్రి" అని అరిచేవాడు. మేం దిగేవాళ్లం కాదు.

ఫ్లెక్సీలు వచ్చాయి. ఒక్కో ఫ్లెక్సీ మీదా మా బాపు నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఒక మూలన, రేషన్ కార్డు ఫొటో అంత, మా అవ్వ. గుర్తు టీవీ రిమోట్. 'రిమోటు బుచ్చన్న చేతిల, టీవీ సాయవ్వ' అని వాడకట్టు ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నాకు మాత్రం ఆ ఫ్లెక్సీని చూసినప్పుడల్లా చింపెయ్యాలనిపించేది. పోటీ చేసే మనిషి ఫొటోను సిగ్గనేది లేకుండా మూలకు తోశాడే!

ప్రచారానికి ఆఖరి రోజు. దుకాణంలో సెలవివ్వలేదు. కారు ఇంటి దగ్గర వదిలి, తాళం బియ్యం డబ్బాలో అడుక్కి తోసి, బస్సులో జగిత్యాల పోయాను. సాయంత్రం ఊరి రోడ్డు మీద బస్సు దిగేసరికి ఊళ్లోంచి డీజే మోత. ఆ మోత కింద ఇంకో చప్పుడు. నా సైలెన్సర్ చప్పుడు నాకు తెలియదా? గొంతు బొంగురుపోయి ఉంది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు లోపల టకటకమంటోంది. చెప్పులు చేతిలో పట్టుకుని ఉరికాను.

ముందు డీజే ట్రాక్టర్. దాని వెనక మనిషి నడక కంటే మెల్లగా నా కారు. కారు మూతికి ఈ లైటు నుంచి ఆ లైటు దాకా, పై నుంచి నేల దాకా ఫ్లెక్సీ కట్టారు. గాలి పోయే సందు ఒక్కటి లేదు. ఉన్న ఒక్క ఫ్యాన్‌కు ముక్కూ నోరూ మూసి, దాని మీద మా బాపు దండం పెడుతున్నాడు! స్టీరింగ్ మీద మా పెదనాన్న కొడుకు సురేశ్. తలుపు గడప మీద కాలు పెట్టి, వేలాడుతూ, మైకులో బాపు. ముందు సీట్లో మెడలో దండతో అవ్వ.

"సురేశన్నా! బండి ఆపు! ఆపురా!" అని గొంతు చించుకున్నాను. నినాదం ఇస్తున్నాననుకుని పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకూ కారుకూ మధ్య రంగులు చల్లుకుంటూ ఎగిరే మగవాళ్లు. తోస్తే తిరిగి నన్నే తోస్తున్నారు. నా రెండేళ్ల ఆదివారాలు నా కళ్ల ముందు ఉడికిపోతున్నాయి, వీళ్లు ఎగురుతున్నారు.

అవ్వ జనాన్ని చూడడం లేదు. దండం పెట్టడం లేదు. మీటర్ చూస్తోంది. సురేశ్‌తో ఏదో అంటోంది. తర్వాత చెప్పింది నాకు: "ముల్లు గీత దాటిందిరా, ఆపురా అంటే, 'దండం వెట్టు సిన్నమ్మా, అందరు చూస్తున్నరు' అంటడు."

తలుపు తెరుచుకుంది. కారు కదులుతుండగానే అవ్వ దిగింది. సురేశ్ భయపడి బ్రేకు తొక్కాడు. అవ్వ కారు ముందుకొచ్చి, నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలోంచి బీడీ ఆకు కత్తెర తీసింది. ఒక పక్క తాడు కత్తిరించింది. రెండో పక్కకు నడిచి అక్కడా కత్తిరించింది. దండం పెడుతున్న మా బాపు నవ్వుతూ నవ్వుతూ రోడ్డు మీద పడ్డాడు.

"ఏయ్ సాయవ్వా! ఏం జేస్తున్నవే? నా ఇజ్జత్ తీస్తవా?" అని బాపు అరిచాడు. చేతిలో మైకుందన్న సోయి లేదు. డీజే డబ్బాలన్నీ ఆ మాటను ఊరంతా మోశాయి.

అప్పుడే బానెట్ కింద పైపు పగిలింది. ఆవిరి బుస్సుమని లేచింది, సలసల కాగే నీళ్లు రోడ్డు మీద పారాయి. జనం చెల్లాచెదురయ్యారు. ఇంజన్ రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది.

నేను చేరేసరికి అవ్వ కత్తెర పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "జర ఆలిస్యమైంది బిడ్డా" అంది.

నేను మా బాపు చేతిలో మైకు లాక్కుని ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. మైకు ఆన్‌లోనే ఉంది కాబట్టి మా ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు.

ఇంటికి పోతే వంటింట్లో బియ్యం డబ్బా బోర్లించి ఉంది. బియ్యం నేల మీద. ఎత్తిపెట్టే ఓపిక కూడా ఎవరికీ లేదు.

ముత్యమన్న బైకు మీద వచ్చి చూశాడు. "ఇంజన్ హెడ్ వేడికి వంగింది చెల్లె. గ్యాస్కెట్ పోయింది. కరీంనగర్‌ల లేత్ మీద సాపు చేపిస్తే నిలవడుతది. కని ఎంత జల్ది తీస్కపోతే గంత మంచిది. జనవరి దగ్గరికొచ్చింది" అన్నాడు. బండి పంపిస్తా, కట్టుకుని లాక్కుపోదాం అన్నాడు.

బాపు ఒప్పుకోలేదు. "ఓట్ల ముంగట బండి కట్టి గుంజుకపోతే ఊరు నవ్వదా? అపశకునం. ఓట్లు పడ్డంక సూద్దాం" అన్నాడు. పంచాయతీ ఆఫీసు ముందు ఆగిన చోటే దాని మీద ఆ ఫ్లెక్సీనే కప్పించాడు. పొద్దున లేచి చూస్తే నా కారు మీద మా బాపు వెల్లకిలా పడుకుని దండం పెడుతున్నాడు.

"నా జనవరి పోతది బాపూ" అన్నాను. బతిమాలాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ మండుతుంది.

"ఒక జనవరి పోతే ఇంకో జనవరి వస్తది. ఇంజనే గదా, మనిషి పోయిండా? ఆడివిల్లవు, రేసులేందే నీకు?"

"మరి నీకు ఇంకో ఎలక్షన్ రాదా?"

"నోరు ముయ్" అన్నాడు.

అవ్వ అన్నీ వింటూ బీడీలు చుట్టింది. ఆ పూట ఆమె కట్టిన కట్టలు ఎంత బిగుతుగా ఉన్నాయో నేను చూశాను.

ఓట్ల రోజు పొద్దున్నే అవ్వ ఓటేసి వచ్చి, "ముత్యం బండిని మాపటికి రోడ్డు మీదికి రమ్మంటే వస్తదా?" అని అడిగింది.

"వస్తది. ఎందుకు?"

"రమ్మను" అంది.

సాయంత్రానికి లెక్క తేలింది. అవ్వ గెలిచింది, గట్టిగానే గెలిచింది. కత్తెర సంగతి ఇంటింటికీ పోయిందని, ఆడవాళ్లు ఆ కత్తెరను చూసే ఓటు గుద్దారని తర్వాత తెలిసింది. కానీ బయటికి రాగానే దండలన్నీ ఎవరి మెడలో పడ్డాయి? బుచ్చన్న మెడలో! ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకుని ఎగిరారు. గెలిచిన మనిషి ఆఫీసు మెట్ల మీద కాయితం పట్టుకుని నిలబడి ఉంది. నేను పళ్లు నూరుతూ పక్కన నిలబడ్డాను.

సురేశ్ ఉరికొచ్చాడు. "సిన్నమ్మా, డీజే రడీ ఉన్నది. ట్రాక్టరెక్కు, ఊరేగుదాం."

"నేను నా బిడ్డ కారులనే ఊరేగుత" అంది అవ్వ.

"గది నడవది గదా సిన్నమ్మా."

"నూకున్రి."

సురేశ్ నవ్వాడు. అవ్వ నవ్వలేదు. మెట్లు దిగి వచ్చి, కారు మీది ఫ్లెక్సీని ఒక్క గుంజు గుంజి పక్కన పడేసి, ముందు సీట్లో కూర్చుంది. నన్ను చూసి "ఎక్కు" అంది. నేను స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పి, గేరు న్యూట్రల్‌లో పెట్టాను.

భుజాల మీంచి బాపు అరిచాడు: "ఏందే గిది? యాడిదాక నూకాలె?"

"రోడ్డు దాక. ముత్యం బండి అచ్చి ఉన్నది" అంది అవ్వ కిటికీలోంచి.

గెలిచిన రోజు గెలిచిన మనిషి మాట ఎవరు కాదంటారు? మెట్ల దగ్గర ఆడవాళ్లంతా చూస్తున్నారు మరి. మెడలో కండువాలతో, మొహాల నిండా రంగుతో మగవాళ్లు కారు వెనక చేరారు. డీజే ముందు మోగుతోంది, వెనక నూకుతున్నారు. బాపు కాసేపు ముందు నడిచాడు, ఇది తను పెట్టించిన ఊరేగింపే అన్నట్టు. కల్వర్టు దగ్గర ఎత్తు వచ్చింది. కారు ఆగిపోయింది. ఒక్క అడుగు కదలదు.

అవ్వ తల బయటికి పెట్టింది. "అందరు పట్టలేదు. ఒక్కలు తక్కువున్నరు" అంది. ఎవరి పేరూ చెప్పలేదు. బాపు వైపు చూసింది.

ఆయన వచ్చాడు. దండలు నలుగుతున్నా డిక్కీకి ఛాతీ ఆనించి నెట్టాడు. కారు కదిలింది. అద్దంలో ఆయన మొహం చూశాను. చెమట, రంగు, బంతిపూల రెక్కలు. నాకు జాలి కలగలేదు. ఎందుకు కలగాలి? రోడ్డు దాకా నేను అద్దంలోంచి చూపు తిప్పలేదు, ఒక్కసారి కూడా బ్రేకు మీంచి కాలు పూర్తిగా తియ్యలేదు. నెట్టనీ.

కారు కోరుట్ల చేరింది. హెడ్‌ను కరీంనగర్ పంపి లేత్ మీద సాపు చేయించాం. ముత్యమన్న తీసేసిన ఫ్యాన్ మళ్లీ పెట్టాడు. "ఒకసారి వంగిన హెడ్డు, టర్బో మునుపటోలె ఊదితే ఆగది. బూస్ట్ తగ్గియ్యక తప్పది చెల్లె" అన్నాడు. అంటే ఉరుకు తగ్గుతుంది. తగ్గిస్తూ ఆయన నా మొహం చూడలేదు.

జనవరిలో చెన్నై పోయాం. అవ్వ కూడా వచ్చింది. "పంచాయతీ పని ఎవలు సూత్తరు?" అని బాపు అంటే, "సర్పంచ్ అచ్చినంక సూస్తది" అంది. దారి పొడుగునా మీటర్ చూస్తూ కూర్చుంది.

నేను బాగా నడిపాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. మలుపుల్లో ఎక్కడా తప్పు చెయ్యలేదు, బ్రేకులు నేను చెప్పినట్టు విన్నాయి. కానీ నేరుగా ఉరకాల్సిన చోట, నేను పెడల్ నేలకు నొక్కి పెట్టినా, బండి దమ్ము అయిపోయింది. పిలిచిన పేర్లలో నా పేరు లేదు. రెండుసార్లు విన్నాను. లేదు.

కారు దగ్గరికి వచ్చి, తలుపు దబ్బుమని వేసుకుని కూర్చున్నాను. ఇంజన్ ఇంకా నడుస్తోంది. అవ్వ పక్క సీట్లో ఉంది. పోనీలే అనలేదు, ఏడవకు అనలేదు.

"నీ టైము మీ బాపే తిన్నడు బిడ్డా" అంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. కోపంతో వచ్చే ఏడుపు, అది తుడుచుకున్నా ఆగదు.

అవ్వ ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టింది. బాపు గొంతు: "ఎన్నడస్తున్నవే? సెక్రటరీ కాయిదాలు పట్టుకోని కూసున్నడు. నీ సంతకం నేను వెడుతనంటే ఒప్పుకుంటలేడు. ఇప్పుడే బయలెల్లున్రి."

అవ్వ మీటర్ వైపు చూసింది. నేనూ చూశాను.

"జరాగాలె. బండి ఇంకా సల్లవడలే" అంది అవ్వ, ఫోన్ పెట్టేసి ఒళ్లో బోర్లించుకుంది.

ముల్లు ఎప్పుడో కిందికి దిగిపోయింది. ఇద్దరం చూశాం. తాళం మీద ఎవరమూ చెయ్యి వెయ్యలేదు.